వరద జాగ్రత్తల ఫ్లెక్సీ, కరపత్రం, వాట్సాప్ బొమ్మ: మూడింటికీ ఒకే మ్యాటర్ ఎలా పేర్చాలి?

వశిష్ఠ_లంక అడిగిన ప్రశ్న:

నమస్కారమండి. లంక గ్రామాల కోసం గోదావరి వరద జాగ్రత్తల సమాచారం తయారవుతోంది. మూడు రూపాల్లో కావాలి. ఒకటి, రేవు దగ్గర ఏటిగట్టు మీద పెట్టే 6×4 అడుగుల ఫ్లెక్సీ. రెండు, ఇంటింటికీ పంచే ఏ4 కరపత్రం. ఇది నలుపు తెలుపులోనే, ఒక మాస్టర్ కాపీ నుంచి ఫోటోస్టాట్ తీస్తారు. మూడు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే బొమ్మ.

ఇప్పటికి రాసిన మ్యాటర్ ఇది:

"గోదావరి నదికి ఎగువ ప్రాంతాల నుండి భారీగా వరద నీరు వచ్చి చేరుచున్న నేపథ్యంలో లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసినదిగా, ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండవది 13.75 అడుగులు, మూడవది 17.75 అడుగులు కాగా భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులుగా ఉన్నందున, హెచ్చరికలు జారీ అయిన వెంటనే పశువులతో సహా సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళవలసినదిగా కోరడమైనది."

దీన్నే మూడు సైజుల్లో పెట్టి చూస్తే ఎక్కడా చదవబుద్ధి కావడం లేదు. ఫోటోషాప్‌లో టైపు చేస్తే వత్తులు ఊడిపోతున్నాయి. "జాగ్రత్త" కాస్తా "జాగ్‌రత్‌త" అయిపోతోంది. ఫ్లెక్సీ షాపులో పాత కోరెల్, అను ఫాంట్లు ఉన్నాయి, వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులో పేస్ట్ చేస్తే డబ్బాలు వస్తున్నాయి. ఏ ఫాంటు, ఎంత సైజు, ఏ రంగు? కొంచెం వివరంగా చెప్పండి.

గట్టుమీద_అక్షరం:

ఫాంటు సంగతి తర్వాత చూద్దామండి, ముందు మాట దగ్గరే తేడా ఉంది. ఆ వాక్యంలో 47 పదాలున్నాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, ఏం చెయ్యాలో తెలియడానికి చదివేవాడు 46వ పదం దాకా ఆగాలి. ఈలోపు ఆరు అంకెలు, రెండు ఊళ్ళు దాటాలి. ఆఫీసు కాగితానికి అది చెల్లుతుంది. గట్టు మీద నిలబడి పడవ కోసం చూస్తున్న మనిషికి చెల్లదు.

అక్షరాలు కూడా రేడియో, టీవీ లాంటి ఒక మాధ్యమమేనండి. రేడియోలో గొంతు హెచ్చించి చెప్పే మాటని కాగితం మీద సైజు చెప్పాలి, ఆగి చెప్పే మాటని ఖాళీ చెప్పాలి. అందుకని ఏ రూపానికైనా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎంత దూరం నుంచి చదువుతారు, ఎంతసేపు చూస్తారు, చదివాక ఏం చెయ్యాలి. మీ మూడు రూపాలకీ ఈ జవాబులు వేరు. కాబట్టి మ్యాటరూ మూడు పొడవుల్లో ఉండాలి.

ఫ్లెక్సీ లెక్క చూద్దాం. బోర్డులు రాసేవాళ్ళ కొండగుర్తు ఒకటుంది: హాయిగా చదవాలంటే ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఎత్తు ఒక అంగుళం. తెలుగుకి ఈ ఎత్తుని వత్తులూ గుడులూ లేకుండా, వట్టి "ర" తలకట్టుతో సహా ఎంతుందో అంతే కొలవాలి. చాలామంది కంప్యూటర్లో కనిపించే పాయింట్ సైజుని అక్షరం ఎత్తు అనుకుంటారు. అది తప్పు. 72 పాయింట్లు ఒక అంగుళమే గానీ, ఆ అంగుళంలో పైన గుడికీ కింద వత్తుకీ జాగా పోగా తెలుగు అక్షరం ఒళ్ళు చాలా ఫాంట్లలో సగం దగ్గరే ఉంటుంది. ఫాంటు మారితే ఇదీ మారుతుంది. అందుకే "ర" టైపు చేసి, ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా, అంటే కర్వ్స్‌గా మార్చి, ఎత్తు కొలిచి చూడండి.

6×4 అంటే 72×48 అంగుళాలు. చుట్టూ మూడేసి అంగుళాలు వదలాలి. ఐలెట్లు (తాడు కట్టే రింగులు), ఫ్రేము మడత అక్కడే పడతాయి. మిగిలింది 66×42. శీర్షిక "గోదావరి వరద హెచ్చరిక" 11 అక్షరాలు. 5 అంగుళాల ఎత్తు అక్షరం వెడల్పు సుమారు 5.5 అనుకుంటే 60.5, రెండు పదాల మధ్య ఖాళీలు 5, మొత్తం 65.5. పట్టడానికి పడుతుంది గానీ ఊపిరాడదు. 4.5కి దిగండి.

నిలువు లెక్క: వత్తులకీ గుడులకీ కలిపి ప్రతి లైనుకీ అక్షరం ఎత్తుకి రెండింతలు కావాలి. శీర్షికకి 9 అంగుళాలు. కింద "ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం" 2 అంగుళాల అక్షరంతో 4. మూడు హెచ్చరికల లైన్లు 3 అంగుళాల అక్షరంతో 18. ఏం చెయ్యాలో చెప్పే లైను 6. ఫోను లైను 5. కూడితే సరిగ్గా 42. అంటే గుంపుకీ గుంపుకీ మధ్య ఖాళీ సున్నా. కాబట్టి హెచ్చరికల లైన్లని 2.5కి దించండి, 15లో సరిపోతాయి. మిగిలిన 3 అంగుళాల్ని శీర్షిక కింద కొంత, ఫోను లైను పైన కొంత పంచండి.

ఈ లెక్కతో తేలేదేంటంటే, ఆ బోర్డు మీద ఏడు లైన్లకి మించి పట్టవు. ఇలా:

గోదావరి వరద హెచ్చరిక
ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం
మొదటిది 11.75 అడుగులు
రెండోది 13.75 అడుగులు
మూడోది 17.75 అడుగులు
గొడ్లతో సహా గట్టు మీదికి రండి
సాయానికి 112

22 పదాలు. భద్రాచలం అంకెలు బోర్డు మీద వద్దు, కరపత్రంలో పెట్టుకోండి. 43 అనీ 11.75 అనీ పక్కపక్కనే కనిపిస్తే ఏది ఏ ఊరిదో కలగాపులగం అవుతుంది.

దాతల ఫోటోలు, సంఘం సభ్యుల ఫోటోలు అంటారేమో, ఈ బోర్డుకి ఆ ముచ్చట మానెయ్యండి. ఒక వరస ఫోటోలు 10 అంగుళాలు తింటాయి. అంటే రెండు హెచ్చరికల లైన్లు గల్లంతు.

బోర్డు పెట్టే చోటు కూడా టైపోగ్రఫీలో భాగమే. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకి 36 అడుగులు పోతుంది. 4.5 అంగుళాల శీర్షిక 45 అడుగుల నుంచి హాయిగా కనబడుతుందంటే, బండి మీదవాడికి దొరికేది సెకను పైచిలుకు. తిన్నటి రోడ్డు మీద పెట్టకండి. రేవు, రేషన్ షాపు, టీకొట్టు, మనిషి ఆగే చోట పెట్టండి.

సీసపుకడ్డీ:

అను సంగతీ ఫోటోషాప్ సంగతీ నేను చెప్తాను.

అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ఉండదండి, అక్షరం బొమ్మ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు, అంటే తలకట్టు, కొమ్ము, వత్తు విడివిడిగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు గజిబిజి. యూనికోడ్‌లో "త" అంటే ఎక్కడైనా "త"నే. అది వాట్సాప్‌లో పోతుంది, వెతికితే దొరుకుతుంది, ఫోను పైకి చదివి వినిపిస్తుంది. ఈ రెండూ వేర్వేరు లిపులన్నట్టే లెక్క. యూనికోడ్ తెలుగుని అను ఫాంటులో పేస్ట్ చేస్తే డబ్బాలు రాక ఏమొస్తాయి! కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చిన తర్వాత క్ష, జ్ఞ, ర్య, పొల్లు అక్షరాల్ని ఒక్కొక్కటీ వెతికి చూడాలి.

అంతకన్నా తేలిక దారి: మొత్తం యూనికోడ్‌లో మీరే కూర్చి, అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చి, పీడీఎఫ్ ఇవ్వండి. షాపువాళ్ళు ప్రింటు కొట్టడమే పని. మళ్ళీ టైపు చేసే అవసరం ఉండదు కాబట్టి కొత్త అచ్చుతప్పులూ పడవు. కర్వ్స్ చేయని కాపీ ఒకటి విడిగా దాచుకోండి. వచ్చే వరదకి అంకెలో మాటో మార్చాలంటే అదే దిక్కు.

ఫోటోషాప్‌లో వత్తు ఊడటానికి కారణం ఫాంటు కాదు, దాని టెక్స్ట్ ఇంజన్, అంటే అక్షరాల్ని కూర్చే భాగం. మీ వెర్షన్లో ఈ ఎంపిక ఉంటే, ఎడిట్, ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్ళి "వరల్డ్-రెడీ లేఅవుట్" ఎంచుకోండి. పాత వెర్షన్లలో దాని పేరు "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్". ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిచి, కొత్త ఫైలులో టైపు చెయ్యండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో "అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్". ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ కింద ఇండిక్ ఆప్షన్స్ టిక్కు పెట్టాలి. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు రాదు, ప్రయత్నించకండి. డబ్బు పెట్టకుండా కావాలంటే ఇంక్‌స్కేప్‌లో వత్తులు సరిగ్గా వస్తాయి. అందులో "ఆబ్జెక్ట్ టు పాత్" అన్నదే కర్వ్స్ చేయడం. లిబ్రెఆఫీస్ కరపత్రానికి బాగుంటుంది, కాకపోతే అందులో తెలుగుకి ఫాంటూ సైజూ "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" కింద విడిగా ఉంటాయి. ఇంగ్లీషు సైజు మారుస్తూ, తెలుగు కదలడం లేదేమిటా అనుకుంటారు చాలామంది.

ఇంజన్ సరిపోయిందో లేదో చూడటానికి ఈ మాటలు టైపు చెయ్యండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, వైద్యం, కాజ్‌వే. ఆరూ సవ్యంగా వస్తే మిగతా తెలుగంతా వస్తుంది. చివరి మాట ఎందుకంటే, "కాజ్‌వే"లో జ్ కింద వ వత్తు పడకుండా మధ్యలో కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉండాలి. అది లేకపోతే "కాజ్వే" అయిపోతుంది. తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక మీట ఉంటుంది. "ఫేస్‌బుక్"కీ ఇదే సూత్రం.

ఇక ఫాంటు. శీర్షికకి రామభద్ర. ఉబ్బుగా, గుండ్రంగా, దూరానికి నిలబడుతుంది. కరపత్రం లోపలి మ్యాటర్‌కి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. రామభద్ర, మండలి, ఎన్టీఆర్, పెద్దన, సూరన్న ఇవన్నీ సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా వదిలినవి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఒక్క మెలిక ఉంది, వీటికి విడిగా బోల్డ్ రకం లేదు. మీరు "బోల్డ్" బటన్ నొక్కితే వచ్చేది నిజమైన బోల్డ్ కాదు. ఉన్న గీత చుట్టూ సాఫ్ట్‌వేర్ పూసిన పూత. దాంతో ఠ లో చుక్క పూడుకుపోయి ర అయిపోతుంది, థ పోయి ధ అవుతుంది. ఒకే కుటుంబంలో లావు, సన్నం రెండూ కావాలంటే నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు చూడండి. అనేక్‌లో వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు. పొడుగు తెలుగు మాట లైనులో పట్టనప్పుడు ఫాంటుని పక్కల నుంచి లాగి నొక్కే అలవాటు ఉంది చూశారా, దానికి ఇదే విరుగుడు. నొక్కితే నిలువు గీతలు సన్నబడి అడ్డ గీతలు అలాగే ఉండిపోతాయి, అక్షరం జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది.

వాలు అక్షరాలు వద్దు. నొక్కి చెప్పాలంటే మందం పెంచండి, లేదా సైజు పెంచండి. రెండూ ఒకేసారి అక్కర్లేదు.

వశిష్ఠ_లంక:

ఆయ్, అలాగేనండి. వరల్డ్-రెడీ పెట్టాక వత్తులు వచ్చాయి. మరో రెండు అనుమానాలు. శీర్షికకి ఎర్ర రంగు, చుట్టూ తెల్ల స్ట్రోకు, వెనక నీడ పెడితే బాగుంటుందని షాపులో అంటున్నారు. ఇంకోటి, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచితే స్పష్టంగా ఉంటుందా?

గట్టుమీద_అక్షరం:

ఎడం పెంచకండి. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అది పనికొస్తుంది, ఎందుకంటే అవి విడివిడి దిమ్మెలు. తెలుగులో కొన్ని గుణింతాలూ కొన్ని వత్తులూ అక్షరం పక్కకి వచ్చి నిలబడతాయి. ఎడం పెంచగానే కొన్ని ప్రోగ్రాములు వాటినీ జరిపేస్తాయి. "గ్ర"లో రవత్తు ఒక దారి, గ ఒక దారి. ఎడం అక్షరాల మధ్య కాదు, లైన్ల మధ్య పెంచండి. సాఫ్ట్‌వేర్ తనంతట ఇచ్చే 120 శాతం లీడింగ్ ఇంగ్లీషు కొలత. దాంతో పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుతుంది. లైను మీద లైను నడిచే కరపత్రం మ్యాటర్‌కి 150 నుంచి 160 శాతం ఉంచండి. 

స్ట్రోకు సంగతి. ప కీ వ కీ తేడా ఎక్కడుంది? తలకట్టు దగ్గరున్న ఆ చిన్న సందులోనే. స్ట్రోకు వేస్తే ముందు పూడేది ఆ సందే. "పడవ" అన్న మాట స్ట్రోకుతో, నీడతో రాసి, ముప్ఫై అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి, "వడవ" అవుతుంది. మ కీ వు కీ, బ కీ భ కీ మధ్య కూడా ఇలాంటి సన్న తేడాలే. స్ట్రోకూ నీడా లేకుండా చదవలేకపోతున్నామంటే వెనకున్న రంగు తప్పు. దాన్ని మార్చండి.

రంగు: పసుపు మీద నలుపు, లేదా ముదురు నీలం మీద తెలుపు. ఆకుపచ్చ మీద ఎరుపు ఎప్పుడూ వద్దు. రెండిటి వెలుగూ దాదాపు ఒకటే కాబట్టి కళ్ళు చెదురుతాయి, పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పరీక్ష తేలిక: డిజైన్‌ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అక్షరం వెనక రంగులో కలిసిపోతే ఆ జత పనికిరాదు. కొలిచి చూసుకునేవాళ్ళకి, వెబ్ ప్రమాణాల్లో మామూలు అక్షరానికి 4.5:1, పెద్ద అక్షరానికి 3:1 కనీసపు తేడా అని ఉంది. బయట ఎండలో వేలాడేదానికి నేనైతే అంతకన్నా బాగా ఎక్కువ పెడతాను. శీర్షిక ఒక్కటీ ఎరుపు పట్టీ మీద తెల్లగా పెట్టుకుంటే పెట్టుకోండి, అంకెలు మాత్రం నలుపే. ఎండకి ముందు వెలిసేది ఎరుపే.

మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి చుక్కకి చుక్క తిన్నగా రావాలి. స్పేస్ బార్ కొట్టి జరపకండి, ట్యాబ్ పెట్టండి. ఇప్పుడు 11, 13, 17 నిలువుగా కనబడతాయి, .75లు ఒక గీతలో ఉంటాయి, కన్ను తేడాని మాత్రమే పట్టుకుంటుంది.

ఒక చిన్న ఉపాయం: బోర్డు అడుగున విడిగా ఒక సన్‌బోర్డు ముక్క తగిలించి "ఈ రోజు నీటిమట్టం" అని రాసి, అంకె చోట ఖాళీ వదలండి. మార్కరుతో రోజూ మార్చవచ్చు. ఫ్లెక్సీ మీదే రాస్తే తుడవడానికి వీల్లేక రెండో రోజుకి మసైపోతుంది.

ఫైలు కొలత: పూర్తి సైజులో 100 డీపీఐ (అంగుళానికి వంద చుక్కలు) చాలు, 7200×4800 పిక్సెళ్ళు. 300 డీపీఐ పెడితే ఫైలు బరువు తప్ప లాభం లేదు. అక్షరాలు కర్వ్స్‌లో ఉంటే ఈ లెక్క కూడా బొమ్మలకే.

డెమీ_ఎనిమిదోవంతు:

కరపత్రం గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నా వంతు.

ఫోటోస్టాట్ అన్నారు. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ అవుతుంది, అది ఆపలేం. ప్రతి తరంలోనూ సన్న గీత ఇంకా సన్నబడుతుంది లేదా పూర్తిగా పోతుంది. కాబట్టి లావు, సన్నం తేడా బాగా ఉన్న ఫాంటు, పెద్దన లాంటిది, పుస్తకానికి అందమే గానీ దీనికి కాదు. ఒకే మందం గీత ఉన్నది తీసుకోండి. తెలుగు ఫాంట్ల గురించి సెరిఫ్ (గీత చివర చిన్న కాళ్ళున్నవి), సాన్స్ (కాళ్ళు లేనివి) అని మాట్లాడతారు గానీ మన అక్షరానికి ఆ కాళ్ళు లేవు. గీత మందం మారుతుందా లేదా అన్నదే మనకి అసలు తేడా. బూడిద రంగు డబ్బాల్లో అక్షరాలు పెట్టకండి. ఫోటోస్టాట్‌లో బూడిద రంగు చుక్కలు చుక్కలుగా విరిగి అక్షరాన్ని తినేస్తుంది. డబ్బా కావాలంటే ఒక పాయింట్ గీత గీసి లోపల తెలుపు వదలండి.

సైజు 13 పాయింట్, లైనుకి 20 పాయింట్. ముసలివాళ్ళు కిరసనాయిలు దీపం, టార్చి వెలుగులో చదువుతారనుకుంటే 14, 22. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు, చుట్టూ 20 వదిలితే 170 మిగులుతుంది. 13 పాయింట్‌లో అంత పొడుగు లైను చివరికెళ్ళిన కన్ను తిరిగొచ్చేటప్పుడు దారి తప్పుతుంది. రెండు కాలమ్‌లు చెయ్యండి: 80, మధ్యలో 10, మళ్ళీ 80.

కానీ కాలమ్ సన్నబడితే ఇంకో చిక్కు. రెండు అంచులూ సమానం చేసే జస్టిఫై వాడకూడదు. తెలుగు మాటలు అతుక్కుని పొడుగవుతాయి. "తరలివెళ్ళవలసినదిగా" ఒక్కటే సగం లైను. అది కిందికి దిగగానే పై లైనులో మిగిలిన మూడు మాటలూ పళ్ళూడిన నోరులా అయిపోతాయి. ఎడమ అంచు తిన్నగా ఉంచి, కుడి అంచు వదిలెయ్యండి. పేపర్లవాళ్ళు జస్టిఫై చేస్తారు కదా అంటారేమో, వాళ్ళు మాటని అక్షరం దగ్గర విరుస్తారు, వాళ్ళకి చూసుకునే మనిషి ఉన్నాడు. మొత్తం మధ్యకి పెట్టే సెంటర్ అలైన్‌మెంట్ పెళ్ళి శుభలేఖకి బాగుంటుంది. జాబితాకి బాగుండదు, ప్రతి లైనూ ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోవాలి.

పై సగంలో హెచ్చరికల పట్టిక, ధవళేశ్వరం ఒక డబ్బా, భద్రాచలం ఇంకో డబ్బా. ఊరి పేరు డబ్బా నెత్తి మీదే ఉండాలి, పట్టిక పైన ఒకసారి రాసి వదిలెయ్యకూడదు. కింది సగంలో చెయ్యాల్సిన పనులు, ఒక్కోటీ ఒక్క లైను, క్రియతో ముగియాలి: పట్టాదారు పుస్తకం, ఆధార్, రేషన్ కార్డు కవర్లో కట్టండి. మెయిన్ స్విచ్ ఆపండి. గొడ్ల పలుపులు విప్పండి. కాజ్‌వే మీద నీరుంటే దాటకండి. నీళ్ళు కాచి తాగండి. అన్నీ ఒకే తీరులో ముగియడం కూడా డిజైనే, రెండు లైన్లు చదివేసరికి మూడోది ఎలా చదవాలో తెలిసిపోతుంది. ఒకటి "చేయవలెను", ఇంకోటి "చేస్తే మంచిది" అని ఉంటే ఏది తప్పనిసరో అర్థం కాదు.

ఏ4ని సగానికి మడిచి తలుపు వెనకో క్యాలెండర్ వెనకో పెడతారు. మడత పైనుంచి 148.5 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. అక్కడ అటూ ఇటూ 8 మిల్లీమీటర్లలో ఫోన్ నంబరు గానీ అంకె గానీ ఉండకూడదు. మడత మీద టోనరు రాలిపోతుంది. రెండు వైపులా అచ్చు వేస్తే 60 జీఎస్ఎం కాగితంలో వెనకది ముందుకి కనబడుతుంది, 80 తీసుకోండి. నిగనిగలాడే లామినేషన్ వద్దు, టార్చి వేస్తే వెలుగే కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. పాలిథిన్ కవరు చాలు.

గౌతమి_పిక్సెల్:

వాట్సాప్ గురించి నాలుగు మాటలు. 1080×1350 పిక్సెళ్ళ నిలువు బొమ్మ చెయ్యండి. మామూలు ఫోను తెర వెడల్పు ఏడు సెంటీమీటర్ల లోపే కాబట్టి 60 పిక్సెళ్ళ ఫాంటు సైజు అక్కడ సుమారు 4 మిల్లీమీటర్లు, అంటే కాగితం మీద 11 పాయింట్ దగ్గర. అంతకి తగ్గకండి. లైనుకి 96 పిక్సెళ్ళు. అంచులూ శీర్షికా పోగా పది లైన్లు పడతాయి. బొమ్మని వాట్సాప్ కుదిస్తుంది, ఫార్వర్డ్ అయ్యేకొద్దీ గీతల చుట్టూ మురికి చేరుతుంది. సన్న అక్షరాలు ముందు పోతాయి. మాస్టర్ కాపీని డాక్యుమెంట్‌గా పంపిస్తే కుదింపు ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ మీద తేదీ. రోజు, నెల, సంవత్సరం, సమయం, శీర్షిక పక్కనే. అడుగున చిన్నగా కాదు. తేదీ లేని వరద హెచ్చరిక ప్రతి వర్షాకాలం మళ్ళీ బయల్దేరుతుంది.

బొమ్మతో పాటు అదే మ్యాటర్‌ని మామూలు మెసేజ్‌గా కూడా పెట్టండి. బొమ్మలో ఉన్న తెలుగుని చూపు లేనివాళ్ళ ఫోను చదివి వినిపించలేదు, వెతికితే దొరకదు, నెట్ సరిగ్గా లేని లంకలో బొమ్మ తెరుచుకోదు. మెసేజ్ రెండు మూడు వందల అక్షరాలు, ఎలాగైనా చేరుతుంది. మొదటి లైనులోనే విషయం ఉండాలి, నోటిఫికేషన్‌లో కనిపించేది అదే. "గ్రామ ప్రజలందరికీ నమస్కారం, ముఖ్య గమనిక" అని మొదలుపెడితే తెర మీద నమస్కారం ఒక్కటే కనిపిస్తుంది. నొక్కి చెప్పాల్సిన మాటకి అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే లావుగా వస్తుంది. ఒక్క లైనుకే పెట్టండి, అన్నిటికీ పెడితే దేనికీ పెట్టనట్టే.

రంగులూ, అంకెల వరసా, "హెచ్చరిక" పట్టీ ఫ్లెక్సీలో ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉంచండి. గట్టు మీద బోర్డు చూసినవాడు ఫోనులో అదే పసుపు చూస్తే, ఇది మన ఊరి కాగితమే, ఎక్కడిదో ఫార్వర్డ్ కాదు అని గుర్తుపడతాడు.

వశిష్ఠ_లంక:

చాలా ఉపయోగపడిందండి అందరిదీ. పసుపు మీద నలుపు, శీర్షిక ఎర్ర పట్టీలో తెలుపు రామభద్ర, కింద నోటో సాన్స్ బోల్డ్. గట్టుమీద_అక్షరం గారు ఇచ్చిన ఏడు లైన్లే పెట్టాను. ప్రింటుకి ఇచ్చేయొచ్చా?

డెమీ_ఎనిమిదోవంతు:

ఒక్క నిమిషం ఆగండి. ఆ ఆరో లైను చూడండి. "మూడోది 17.75 అడుగులు" కింద వెంటనే, అదే ఎడంలో, "గొడ్లతో సహా గట్టు మీదికి రండి" ఉంది. దగ్గరగా ఉన్నవి ఒకే గుంపు అనుకుంటుంది కన్ను. 17.75 వచ్చాకే రావాలి, అప్పటిదాకా ఇంట్లో ఉండొచ్చు అని చదువుకుంటారు. పల్లపు లంకలకి అంతకు ముందే నీళ్ళు వస్తాయి.

గట్టుమీద_అక్షరం:

నిజమేనండి, నా లెక్కలో ఖాళీని శీర్షిక కిందా ఫోను పైనా పెట్టమన్నాను, అది తప్పు. ఆ 3 అంగుళాల్లో 2 తీసుకెళ్ళి 17.75 లైనుకీ ఈ లైనుకీ మధ్య పెట్టండి, మధ్యలో ఒక అడ్డ గీత గీయండి. మాట కూడా మార్చాలి, ఎప్పుడు రావాలో అందులో లేదు. "చాటింపు వినగానే గొడ్లతో గట్టు మీదికి రండి" అనండి. 17 అక్షరాలు, 3 అంగుళాల ఎత్తులో ఖాళీలతో కలిపి 64 అంగుళాల లోపు, మీకున్న 66లో పడుతుంది. ఏ హెచ్చరికకి ఏ లంక ఖాళీ చెయ్యాలన్నది మాత్రం మండలం ఆఫీసులో అడిగి కరపత్రంలో రాయండి, మనం ఊహించి రాయకూడదు.

వశిష్ఠ_లంక:

మార్చానండి. లైను 63.5 అంగుళాలు వచ్చింది. రేపు ఏ4 మీద చిన్న ప్రింటు తీసి గోడకి అంటిస్తాను. బోర్డు వెడల్పు 72 అంగుళాలు, అడ్డంగా తిప్పిన ఏ4 వెడల్పు 11.7. అంటే ఆరో వంతు. 45 అడుగులకి బదులు ఏడున్నర అడుగుల నుంచి చూస్తే సరిపోతుంది కదా?

సీసపుకడ్డీ:

సరిపోతుంది. పక్కన నిలబడి మీరు చదవకండి, ఈ మ్యాటర్ ఎప్పుడూ చూడని మనిషి చేత చదివించండి. మీకు అది కంఠస్థం అయిపోయి ఉంటుంది, ప పోయి వ అయినా తెలియదు.